నోటీసు పంపినవాళ్లూ పిలవొచ్చు

2019 మే నెలాఖరులో ఒక ఫొటో అందరి ఫోన్లలోకీ వచ్చింది. తెల్లబట్టల్లో ఇళయరాజా, ఆయన్ని కౌగిలించుకుని బాలసుబ్రహ్మణ్యం. మా ఖమ్మం ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఆవకాయ జాడీల ఫొటోలన్నీ పక్కకు పోయి, ఆ పూటంతా ఇదే తిరిగింది. "హమ్మయ్య, కలిశారు" అని ఒకావిడ పెట్టింది. "ముందు ఎవరు దిగొచ్చారంట?" అని వెంటనే ఇంకొకావిడ.

ఆ రెండో ప్రశ్న నాకు బాగా గుర్తుండిపోయింది. మన ఇళ్లలో ఎవరు ఎవరితో మాట్లాడటం మొదలుపెట్టినా మొదట వచ్చే ప్రశ్న అదే. ఎవరు దిగొచ్చారు, ఎవరు తగ్గారు, ఎవరి మాట నెగ్గింది. అన్నదమ్ములు కలిస్తే చాలదు మనకి, ఒకరు ఓడినట్టు కూడా కనపడాలి.

అసలు గొడవ మీకు గుర్తుండే ఉంటుంది. బాలుగారు పాట మొదలుపెట్టి యాభై ఏళ్లయిన సందర్భంగా దేశదేశాలు తిరిగి కచేరీలు చేస్తున్నారు. కొడుకు చరణ్, గాయని చిత్ర కూడా ఉన్నారు. 2017 మార్చిలో అమెరికాలో ఉండగా రాజాగారి లాయరు నుంచి నోటీసు వచ్చింది. అనుమతి లేకుండా ఆయన స్వరపరిచిన పాటలు వేదికల మీద పాడకూడదని. బాలుగారు ఆ సంగతి ఫేస్‌బుక్‌లో తనే రాశారు. ఇలాంటి చట్టం ఉందని తనకు తెలియదనీ, చట్టమైతే పాటించాల్సిందేననీ, మిగిలిన కచేరీల్లో వేరే సంగీత దర్శకుల పాటలు పాడతాననీ రాశారు. దీని మీద ఎవరూ పరుషంగా మాట్లాడొద్దని అభిమానుల్ని వేడుకున్నారు కూడా.

ఎవరు వింటారు? ఆ వారం రాజాగారిని తిట్టనివాళ్లు లేరు. "ఇంత డబ్బాశా", "ఇంత గర్వమా" అని.

నేనప్పుడు తిట్టలేదు, ఇప్పుడూ తిట్టను. సినిమా పాట తయారవ్వాలంటే రాసేవాళ్లు, స్వరపరిచేవాళ్లు, పాడేవాళ్లు, వాయించేవాళ్లు ఎందరో కావాలి. స్వరపరిచినవాడికి చట్టంలో హక్కుంది. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించినప్పుడు, పాట రాసినవాళ్లకీ స్వరం కట్టినవాళ్లకీ రాయల్టీలో రావాల్సిన వాటా ఇంకెవరికీ రాసిచ్చేయడానికి వీల్లేనట్టుగా చేశారు. ఎందుకంటే అంతకుముందు దశాబ్దాల పాటు ఒక్కసారి డబ్బిచ్చి అన్నీ రాయించేసుకునేవారు. చేసిన పనికి లెక్క అడిగితే మనిషి చెడ్డవాడైపోవడం నాకు కొత్త కాదు. పొద్దున ఐదింటి నుంచి రాత్రి పదింటి దాకా ఇంట్లో చేసే పనికి ఒక్కసారి లెక్క చెప్పి చూడండి, ఎవరి మొహాలు ఎలా మారతాయో. ప్రేమతో చేసే పనికి లెక్కేమిటి అంటారు. ప్రేమ వేరు, లెక్క వేరు అని చెప్పే ధైర్యం ఉన్న మనిషిని చూస్తే నాకు గౌరవమే.

కానీ నోటీసు వచ్చిన తీరు మాత్రం నాకు నచ్చలేదు. అది స్నేహితుడికి వెళ్లిన నోటీసు. ఎంత పాత స్నేహమో చెప్తాను.

తేని దగ్గర పణ్ణైపురం నుంచి వచ్చిన అన్నదమ్ములు రాజా, భాస్కర్, గంగై అమరన్. వాళ్ల పెద్దన్న పావలర్ వరదరాజన్ కమ్యూనిస్టు సభల్లో పాటలు పాడేవాడు, తమ్ముళ్లు ఆయన వెంట ఊరూరా తిరిగి వాయించేవారు. (మన ఖమ్మం జిల్లా వాళ్లకి ఎర్రజెండా సభలో పాటంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు.) తర్వాత ముగ్గురూ మద్రాసు చేరారు. నెల్లూరు నుంచి ఇంజనీరింగు చదువుకని వచ్చిన బాలుగారికి అక్కడ ఒక లైట్ మ్యూజిక్ ట్రూపు ఉండేది. దాంట్లో రాజా గిటారూ హార్మోనియమూ, భాస్కర్ తాళవాద్యాలు, అమరన్ గిటారు. అంటే 1976లో రాజా మొదటి సినిమా రావడానికి చాలా ముందే, ఇద్దరికీ పెద్ద పేరు లేనప్పుడే, ఒకే బృందంలో వాళ్లు. మనం ఇద్దరు మహానుభావులు అనుకుంటాం గానీ, వాళ్లకు వాళ్లు ఒక బ్యాండులో పిల్లలు.

ఆ తర్వాత వాళ్లేం చేశారో మన వయసువాళ్ల బాల్యమంతా సాక్ష్యం. 1981లో సీతాకోకచిలుక. 1983లో సాగరసంగమం, దానికి సంగీతానికి రాజాకీ, పాటకి బాలుకీ ఒకేసారి జాతీయ అవార్డులు. 1988లో రుద్రవీణ, మళ్లీ ఇద్దరికీ. 1989లో గీతాంజలి. 2011లో బాపుగారి శ్రీరామరాజ్యం వచ్చేసరికి ఇద్దరూ అరవై దాటారు. భద్రాచలంలో నవమి రోజుల్లో ఆ సినిమా పాటలు మైకుల్లో వింటూ గోదావరి వంతెన దాటినవాళ్లకి, ఆ ఇద్దరూ విడిపోయారంటే ఇంట్లోవాళ్లే విడిపోయినట్టు ఎందుకనిపించిందో వేరే చెప్పాలా?

ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పాలి. అది లేకుండా నేనీ మాట చెప్పలేను.

నాకు పాటలు పరిచయం చేసింది మా మేనమామలు. అమ్మమ్మవాళ్ల ఊరు కుక్కునూరు మండలంలో గోదావరి ఒడ్డున. అప్పుడది ఖమ్మం జిల్లా. పెద్దమామయ్య సారపాకలో ఉద్యోగం చేసేవాడు. వారానికోసారి ఇంటికొచ్చేటప్పుడు క్యాసెట్టు తెచ్చేవాడు. కొన్నది కాదు. భద్రాచలంలో ఒక రికార్డింగు షాపులో ఖాళీ క్యాసెట్టిచ్చి, ఏ వైపు ఏ పాటలు కావాలో కాగితం మీద రాసిస్తే వారానికి ఎక్కించి ఇచ్చేవాడు. ఆ కాగితం రాసేది చిన్నమామయ్య. దస్తూరీ ఆయనది, డబ్బులు పెద్దమామయ్యవి. రెండో వైపు చివర్లో సగం పాట దగ్గర టేపు అయిపోయేది. మాకు ఆ పాటలు ఇప్పటికీ సగమే వచ్చు.

1986 ఆగస్టు వరదకి భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి వచ్చింది. అమ్మమ్మవాళ్లింట్లో నీళ్లు పైకప్పుదాకా వచ్చాయి. నీళ్లు తీశాక మామయ్యలిద్దరూ క్యాసెట్లు విప్పి, బురద కడిగి, టేపును బట్టల తీగ మీద ఆరేశారు. కొన్ని పనిచేశాయి కూడా, కాకపోతే పాట మధ్యలో బాలు గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు ఉండేది. ఆ మామయ్యలిద్దరూ ఇప్పుడు మాట్లాడుకోరు.

కారణం మీరు ఊహించే ఉంటారు. 2014లో ఏడు మండలాలు ఆంధ్రలో కలిపారు, కుక్కునూరూ అందులో ఉంది. పోలవరం ముంపు కింద ఊళ్లకి కొలతలు మొదలయ్యాయి. ఇంటి గోడలు కొలిచారు, పెరట్లో కొబ్బరిచెట్లూ చింతచెట్టూ లెక్కపెట్టి రాసుకున్నారు. అప్పటిదాకా ఎవరికీ పట్టని పెంకుటిల్లు ఒక్కసారిగా లెక్కలో వస్తువైంది. ఇల్లు తాతయ్య స్వార్జితం, వీలునామా రాయలేదు. పన్ను రసీదులు పెద్దమామయ్య పేరున. ఆ ఇంట్లో ఉన్నదీ, అమ్మమ్మని చివరిదాకా చూసిందీ, పెంకులు నేయించిందీ చిన్నమామయ్య. ఊళ్లో కాపురం ఉన్నవాళ్లకి ఒక లెక్క, బయట ఉన్నవాళ్లకి ఇంకో లెక్క. 2018లో చిన్నమామయ్య లాయరు నోటీసు పంపాడు. పెద్దమామయ్య దాన్ని సంతకం పెట్టి తీసుకుని, చదివి, దేవుడి గదిలో పెట్టాడు. అక్కడే ఎందుకు పెట్టాడో పెద్దత్తయ్యకి కూడా తెలియదు.

ఇలాంటప్పుడు ఊళ్లో ఒక పద్ధతుంది. పెద్దమనుషులు కూర్చుంటారు. ఎవరిది తప్పో తేలుస్తారు. తప్పు తేలినవాడు తలొంచితే అప్పుడు భోజనాలు. అంటే ముందు లెక్క, తర్వాత పిలుపు. ఈ వరస మనకెంత అలవాటైపోయిందంటే, వేరే వరస ఉంటుందని కూడా తోచదు.

2019లో నాకు తోచింది. ఆ ఫొటో వచ్చినప్పుడు కాదు, ఆ తర్వాత వారం.

జూన్ 2న చెన్నై శివార్లలో ఈవీపీ ఫిల్మ్ సిటీలో రాజాగారి పుట్టినరోజు కచేరీ జరిగింది. సినీ సంగీత కళాకారుల సంఘం కోసం. అంటే వాయించేవాళ్ల కోసం, ఒకప్పుడు బాలు ట్రూపులో గిటారు పట్టుకున్న కుర్రాడి లాంటి వాళ్ల కోసం. బాలు వచ్చి పాడారు, ఏసుదాసూ పాడారు. అంతవరకూ అందరికీ తెలుసు. సరిగ్గా రెండు రోజుల తర్వాత, జూన్ 4న, మద్రాస్ హైకోర్టు తీర్పు వచ్చింది. తన పాటల్ని మ్యూజిక్ కంపెనీలు తన అనుమతి లేకుండా వాడుకుంటున్నాయని రాజాగారు నడిపిన కేసులో ఆయనకి అనుకూలంగా. ఆ రోజు బాలుగారి పుట్టినరోజు.

నేను ఆ రెండు వార్తల్నీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాను. ఆయన హక్కు వదులుకోలేదు. కౌగిలించుకున్నాక కూడా కోర్టులో కేసు కేసులాగే నడిచింది. బాలుగారు "నువ్వు చేసింది సరైనదే" అని ఎక్కడా ఒప్పుకోలేదు, రాజాగారు "నేను తప్పు చేశాను" అని ఎక్కడా చెప్పలేదు. లెక్క ఎక్కడిదక్కడే ఉంది. మనుషులు మాత్రం కలిశారు. దిగొచ్చింది ఎవరూ లేరు. మా గ్రూపులో ఆవిడ అడిగిన ప్రశ్నకి జవాబే లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు.

దీన్ని "సర్దుకుపోవడం" అనుకుంటే పొరపాటు. ఆ మాటంటేనే నాకు ఒళ్లు మంట. ఆడపిల్లకి పుట్టిన దగ్గర్నుంచి నూరిపోసే మాట అది. సర్దుకుపోవడమంటే హక్కు వదులుకోవడమని మనకి అలవాటు చేశారు. పుట్టింటి ఆప్యాయత కావాలంటే పుట్టింటి ఆస్తి అడగకూడదు, ఇదీ సూత్రం. మా అమ్మ విషయంలో ఏం జరిగిందో చూడండి. ఇద్దరన్నదమ్ములు వాటాల గురించి రెండేళ్లు కొట్టుకున్నారే, మూడో మనిషి ఉందని ఇద్దరికీ గుర్తు రాలేదు. వీలునామా లేని తండ్రి స్వార్జితంలో కూతురికి కొడుకులతో సమానంగా వాటా అని 1956 హిందూ వారసత్వ చట్టంలోనే ఉంది. అమ్మ సంగతి చివరికి ఒక లాయరే గుర్తుచేశాడు, అదీ అమ్మకోసం కాదు, ఆవిడ సంతకం లేకుండా కాగితాలు కదలవని. అప్పుడు ఇద్దరు మామయ్యలూ విడివిడిగా ఒకే కాగితం తెచ్చారు. హక్కు విడుదల పత్రం. "ఒక్క సంతకం పెట్టక్కా, నీకు మాతో ఏం గొడవ" అని చిన్నమామయ్య. "నీకేం తక్కువైంది, చెల్లెమ్మా" అని పెద్దమామయ్య. ఆ ఒక్క విషయంలో మాత్రం అన్నదమ్ములు ఏకమయ్యారు.

రాజా బాలుల గొడవలో కూడా మూడో పేరు ఒకటుంది. నోటీసులో చిత్ర పేరు కూడా ఉందని బాలుగారే రాశారు. 1985లో సింధుభైరవిలో రాజాగారి సంగీతంలో పాడి మొదటి జాతీయ అవార్డు తెచ్చుకున్న మనిషి ఆవిడ. బాలుగారితో ఆవిడ పాడిన జంట పాటల్లో ఎన్ని రాజావో మనకి తెలుసు. అటు గురువులాంటివాడు, ఇటు కలిసి వేదికెక్కిన పెద్దన్నలాంటివాడు. ఆ వారం టీవీల్లో గంటలకొద్దీ చర్చలు జరిగాయి, అన్నీ ఇద్దరు మగవాళ్ల గురించే. ఆవిడ పరిస్థితేమిటి, ఆవిడ ఏ పాటలు పోగొట్టుకుంది అని ఎవరైనా తరిచి మాట్లాడగా నేను చూడలేదు. ఇద్దరు పెద్దవాళ్లు మాటలు మానేస్తే మధ్యలో ఉన్న ఆడమనిషి ఎటూ మాట్లాడకూడదు. మా పెద్దత్తయ్య, చిన్నత్తయ్య ఇద్దరూ ఒకే ఊరి పిల్లలు, పెళ్లికి ముందే స్నేహితులు. మగవాళ్ల నోటీసు తర్వాత ఏడాది పాటు ఒకరి ఫోను ఒకరు ఎత్తలేదు. వాళ్ల మధ్య ఏ ఆస్తి తగాదా ఉందని?

ఇలా పోయేవాటికి ఎవరూ నష్టపరిహారం లెక్కకట్టరు. మా మామయ్యల పిల్లల పిల్లలకి ఒకరి పేర్లు ఒకరికి తెలియవు. ఒకరి పెళ్లికి ఒకరు రాలేదు. కొబ్బరిచెట్టుకి విలువ కట్టారు గానీ దీనికెవరు కడతారు?

ఇక ఆ కలిసిన ఏడాది సంగతి. ఏడాది అంటున్నాను గానీ కచేరీ నుంచి లెక్కపెడితే పదహారు నెలలు కూడా లేదు. కలవగానే 'తమిళరసన్' అనే సినిమాకి రాజా బాలుతో పాడించారు. ఆ సినిమా విడుదలయ్యేసరికి 2023 వచ్చింది, అప్పటికి పాడిన మనిషి లేరు. 2020 ఫిబ్రవరిలో బాలుగారు నెల్లూరులో తన ఇంటిని వేదపాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశారు. (ఆ వార్త చదివి అమ్మ, "ఇల్లంటే అలా కూడా ఇవ్వొచ్చన్నమాట" అంది. ఆ మాటలో వెక్కిరింపు ఉందో లేదో నాకు అర్థం కాలేదు.) మార్చిలో లాక్‌డౌన్. మే నెలలో కరోనా మీద పోరాడుతున్నవాళ్ల కోసం రాజా ఒక పాట రాసి, స్వరపరిచి బాలుతో పాడించారు. ఆగస్టు 5న బాలుగారు ఆసుపత్రిలో చేరారు. కొద్దిపాటి లక్షణాలే, ఇంట్లోవాళ్లని ఇబ్బంది పెట్టడం ఇష్టం లేక చేరానని ఆయనే వీడియోలో చెప్పారు. మీలో చాలామంది అది చూసి ధైర్యంగా నిద్రపోయే ఉంటారు, నేనూ అంతే.

ఆగస్టు 14న పరిస్థితి విషమించిందన్నారు. ఆ సాయంత్రం రాజాగారి వీడియో వచ్చింది. త్వరగా లేచి రా, నీ కోసం ఎదురుచూస్తున్నాను అని బాలుని పిలిచారు. మన జీవితం సినిమాతో మొదలవ్వలేదనీ, సినిమాతో అయిపోయేది కాదనీ చెప్పారు. ఎప్పుడూ గంభీరంగా, కాస్త కరుగ్గా మాట్లాడే మనిషి గొంతు ఆ రోజు ఎలా ఉందో విన్నవాళ్లకి తెలుసు. తర్వాత వారం ఒక రోజు సాయంత్రం ఆరింటికి అందరం కలిసి ప్రార్థన చేద్దామంటే, మా వీధిలో కూడా ఇళ్ల ముందు బాలు పాటలు పెట్టుకుని నిలబడ్డారు. సెప్టెంబరు 25న బాలుగారు పోయారు. రాజాగారు తిరువణ్ణామలైలో మోక్షదీపం వెలిగించారు.

ఆ ఆగస్టు 14 వీడియోని నేను వేరే రకంగా ఊహించుకున్నాను, ఊహించుకుని భయపడ్డాను. 2019 మేలో ఆ ఇద్దరూ కలవకపోయి ఉంటే? "ముందు హక్కుల సంగతి తేలనీ, తర్వాత చూద్దాం" అని రాజాగారూ, "ముందు నోటీసు వెనక్కి తీసుకోనీ" అని బాలుగారూ కూర్చుని ఉంటే? అప్పుడు కూడా ఆయన వీడియో పెట్టేవారేమో. కానీ జనం ఏమనేవాళ్లో మనకి తెలుసు. ఇప్పుడు గుర్తొచ్చాడా అనేవాళ్లు. "లేచి రా" అని నోరారా పిలవడానికి కూడా ఆ పదహారు నెలలు ముందు ఉండాల్సి వచ్చింది.

ఆ కలయికని తేలిక చేసినవాళ్లు కూడా ఉన్నారు. కచేరీ టికెట్ల కోసం వేసిన ఎత్తని కొందరు, ఇద్దరికీ వయసైపోయింది కాబట్టి మెత్తబడ్డారని కొందరు. అయితే అయిందండీ. పెళ్లో, కచేరీయో, ఎవరి ఆపరేషనో, ఏదో ఒక వంక లేకుండా మన ఇళ్లలో మాత్రం ఎవరు కలిశారు? వంక మంచిదే. హిందీలో లతాగారు, రఫీగారు అరవైల్లో రాయల్టీ గొడవతోనే కొన్నేళ్లు కలిసి పాడలేదు. లతాగారు గాయకులకి రాయల్టీ కావాలన్నారు, రఫీగారు వద్దన్నారు. మళ్లీ కలిసి పాడారు గానీ, ఆ మధ్య ఏళ్లలో వాళ్లిద్దరి గొంతులకీ అనుకుని కట్టిన పాటలు ఎవరెవరి గొంతుల్లోకో వెళ్లిపోయాయి. అక్కడ కూడా రాయల్టీ గురించి ఎవరి అభిప్రాయం వాళ్లది.

ఇంకొకటి కూడా జరిగింది. ఆ పాత ట్రూపులో గిటారు వాయించిన గంగై అమరన్, రాజాగారి సొంత తమ్ముడు. అన్నదమ్ములిద్దరికీ కూడా చాలా ఏళ్లు మాటల్లేవు. 2022 ఫిబ్రవరిలో కలిశారు, అమరన్ కొడుకు వెంకట్ ప్రభు ఆ ఫొటో బయటపెట్టాడు. బాలుగారు పోయాక ఏడాదిన్నరకి. ఒకటి ఇంకోదానికి కారణమని నేను అనను, వాళ్ల మనసులో ఏముందో నాకేం తెలుసు. ఒక ట్రూపులో కలిసి మొదలుపెట్టారు, అందులో బాలుగారు పోయారు, ఈ అన్నదమ్ములిద్దరూ ఒక గదిలో కూర్చున్నారు. అంతవరకే చూస్తున్నాను.

ఆ ఏడాదే జూలైలో మళ్లీ గోదావరి వచ్చింది. భద్రాచలం దగ్గర 71.3 అడుగులు. ఊళ్లో ఉన్న చిన్నమామయ్యవాళ్లని రాత్రికి రాత్రి తరలించారు. మూడు రోజులు ఫోన్లు కలవలేదు. ఆ మూడు రోజులూ పెద్దమామయ్య సారపాక నుంచి అమ్మకి గంటగంటకీ ఫోన్. "వాడేమైనా చేశాడా?" అని కాదు, "మీ ఆయన ఏమైనా కనుక్కున్నాడా?" అని. మా నాన్న పోయి అప్పటికి నాలుగేళ్లు. కంగారులో ఏం మాట్లాడుతున్నాడో ఆయనకే తెలియలేదు. చిన్నమామయ్య క్షేమమని తెలిశాక ఫోన్లు ఆగిపోయాయి. ఆయన స్వయంగా తమ్ముడికి చెయ్యనే లేదు. ఎందుకు చెయ్యలేదు మామయ్యా అని అడిగితే, "కేసు నడుస్తుంది కదమ్మా, ఇప్పుడు మాట్లాడితే తగ్గినట్టు ఉంటది" అన్నాడు.

నాకు కోపం వచ్చేది అక్కడే. కేసు నడవనీ. కోర్టు ఉన్నది అందుకే. ఇంటి విలువలో ఎవరికెంతో వాళ్లే తేలుస్తారు, అమ్మ వాటాతో సహా. లెక్క తేలే పని లాయర్లకి అప్పజెప్పాక ఇంక అన్నదమ్ముల దగ్గర మిగిలిన పనేమిటి, మాట్లాడుకోవడం తప్ప? నిజానికి నోటీసు వెళ్లాకే మాట్లాడుకోవడం తేలిక కావాలి, డబ్బు సంగతి నోటితో ఎత్తాల్సిన అవసరం ఇక లేదు కాబట్టి. నోటీసు పంపినవాడు పిలవకూడదని ఎక్కడా రాసిలేదు. అందుకున్నవాడు కూడా పిలవొచ్చు. రాజాబాలుల్ని చూపించి ఈ మాట చిన్నమామయ్యతో అంటే, "వాళ్లు గొప్పవాళ్లమ్మా" అన్నాడు. గొప్పవాళ్లు కాదు మామయ్యా, ఒక ట్రూపులో కుర్రాళ్లు అన్నాను.

అమ్మ మాత్రం ఇదంతా ఎవరూ చెప్పకుండానే చేస్తోంది. రాఖీ పౌర్ణమికి ముందురోజే ఖమ్మంలో బస్సెక్కి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా వెళ్తుంది. మొదట సారపాకలో పెద్దమామయ్యకి కట్టి, ఆ రాత్రి అక్కడే పడుకుని, మర్నాడు ఆటోలు మారి చిన్నమామయ్య దగ్గరికి. డెబ్బై రెండేళ్ల మోకాళ్లతో. రెండిళ్లలోనూ హక్కు విడుదల పత్రం సంగతి ఎత్తుతారు. "రాఖీ కట్టడానికొచ్చాను, సంతకానికి రాలేదు" అంటుంది. మొదటి ఏడాది పెద్దమామయ్య రాఖీ కట్టించుకుని చీర పెట్టకుండా పంపాడు. రెండో ఏడాది పెట్టాడు. వాటా కావాలని అమ్మ ఎక్కడా గట్టిగా అడగలేదు, వద్దని సంతకమూ పెట్టలేదు. నేనైతే అడగమనే అంటాను.

పోయిన రాఖీకి వెళ్లొచ్చి ఒక సంగతి చెప్పింది. భోజనాల దగ్గర చిన్నమామయ్య, అమ్మ వైపు చూడకుండా, "అన్నయ్య చెవి మిషను పెట్టించుకున్నాడా?" అని అడిగాడట. పెట్టించుకోలేదు, మొండికేస్తున్నాడు అని అమ్మ చెప్పింది. కాసేపాగి, "భద్రాచలంలో డాక్టరుగారు వస్తున్నాడు ఆదివారాలు, చెప్పు" అన్నాడట. అమ్మ ఇంటికొచ్చాక పెద్దమామయ్యకి ఫోన్ చేసి డాక్టరు సంగతి చెప్పింది, ఎవరు చెప్పారో కూడా చెప్పింది. ఆయన ఏమీ అనలేదు. ఆదివారం పొద్దున పెద్దత్తయ్య ఫోన్ చేసి, ఆ డాక్టరు ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా ఉంటాడో కనుక్కోమంది.